పాత కారులో గడియారం ఆగిపోతే: అపోహలు - వాస్తవాలు

గత నెలలో గుడివాడ వైపు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు మా షాపుకి వచ్చారు. 90ల నాటి కారు, ఎంతో శుభ్రంగా ఉంచుకున్నారు. చేతిలో ఒక కవరు, అందులో స్క్రాప్‌లో కొన్న రెండు డ్యాష్‌బోర్డు గడియారాలు. మొదటిది రెండు నెలలు నడిచి ఆగిందట, రెండోది పది రోజులకే ఆగింది. చివరగా చూసిన మెకానిక్ "లోపల వైరింగ్ కాలిపోతోంది, మొత్తం మార్చకపోతే బండి అంటుకుంటుంది" అన్నాడట. ఆ మాట విన్న దగ్గర్నుంచి మాస్టారు మనవరాలిని ఆ బండి ఎక్కించడం మానేశారు. "నిజంగానే అంటుకుంటుందా బాబూ?" అని అడిగారు. ఆ టెన్షన్ నాకు అర్థమైంది. అలాంటి మాట తేలిగ్గా అనేసేవాళ్ల మీద మాత్రం కోపం వచ్చింది. కనీసం ఫ్యూజు కూడా తీసి చూడకుండా అన్న మాట అది.

మస్కట్‌లో ఏడేళ్లు, విజయవాడ ఆటోనగర్‌లో పదిహేనేళ్లు ఆటో ఎలక్ట్రికల్ పని చేశాను. ఈ విషయంలో జనం జేబుకు ఎక్కువ చిల్లు పెట్టే అపోహ ఒక్కటే.

అపోహ: గడియారం పోతే మార్చడమే, రిపేరు ఉండదు.

చాలావరకు ఉంటుంది. పచ్చ రంగులో వెలిగే పాత డిజిటల్ గడియారాల్లో నా దగ్గరికి వచ్చినవాటిలో ఎక్కువ భాగం టంకం (సోల్డరింగ్) వదిలేసినవే. చిప్ పోయినవి చాలా తక్కువ.

ఎందుకంటే, ఇంజిన్ నడుస్తున్నప్పుడు బండిలో కరెంటు 14 వోల్టుల దాకా ఉంటుంది. అంకెలు చూపే డిస్‌ప్లే లోపలి ఫిలమెంటుకి, అంటే సన్నని తీగకి, అందులో కొద్ది వోల్టులే కావాలి. మిగతాది రెసిస్టర్లు తగ్గిస్తాయి, తగ్గించేటప్పుడు బాగా వేడెక్కుతాయి. దానికి తోడు మన మే నెల ఎండ. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీల దాకా పోతుంది. పగలు వేడి, రాత్రి చల్లదనం, ఇలా ఇరవై ఏళ్లు. రెసిస్టర్ కాలు చుట్టూ ఉన్న టంకం సాగి, ముడుచుకుని, చివరికి పగులుతుంది. భూతద్దం పెట్టి చూస్తే వెంట్రుక మందాన, ఉంగరంలా కనిపిస్తుంది ఆ పగులు.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు వెలిగి, మధ్యాహ్నానికి ఆరిపోతోందా? గుంతలో పడ్డప్పుడు వచ్చి పోతోందా? పక్కన వేలితో తడితే వెలుగుతోందా? అయితే ముందు టంకాన్నే అనుమానించండి. మస్కట్‌లో నా సీనియర్ ఒకాయన, మలయాళీ, గడియారం విప్పే ముందు హెయిర్ డ్రయ్యర్‌తో ఐదు నిమిషాలు మెల్లగా వేడిచేసేవాడు. చల్లగా వెలిగినది వేడికి ఆరిపోతే ఇక వేరే పరీక్ష అక్కర్లేదనేవాడు. నేను ఇప్పటికీ అదే చేస్తాను.

ఇప్పుడు స్క్రాప్‌లో కొన్న గడియారం సంగతి చూడండి. అదీ అదే కాలంలో తయారైంది, అదే ఎండలో కాలింది. షాపులో బ్యాటరీ తగిలించి వెలిగించి చూపిస్తారు, అందులో మోసం ఏమీ లేదు. కౌంటర్ మీద చల్లగా ఉన్నప్పుడు పగులు అంచులు ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి. మీ బండిలో పెట్టి, ఎండలో రెండు వారాలు తిప్పాక విడిపోతాయి. వెంటనే "మీ వైరింగే గడియారాలను కాల్చేస్తోంది" అన్న పుకారు పుడుతుంది. మాస్టారికి జరిగింది సరిగ్గా ఇదే. దయచేసి మీ పాత గడియారాన్ని పారేయకండి. దాని చరిత్ర మీకు తెలుసు, స్క్రాప్‌దాని చరిత్ర తెలియదు.

పని కూడా పెద్దదేం కాదు. పాత టంకం మీద కొత్తది అద్దితే కుదరదు, పాతది పూర్తిగా పీల్చి తీసేసి కొత్తది వేయాలి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు, పెద్దది పెడితే బోర్డు మీది రాగి గీత లేచిపోతుంది. అక్కడే ఉన్న కెపాసిటర్ ఉబ్బితే అదే విలువలో 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకం వేయండి. అంతా కలిపి గంటలోపు పని.

బాగుకానివీ ఉంటాయి. ఈ డిస్‌ప్లే గాజు గొట్టంలో ఒక మూల వెండి రంగు మచ్చ ఉంటుంది. అది తెల్లగా మారిందంటే లోపలికి గాలి చేరినట్టు. అప్పుడు మార్చక తప్పదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

గడియారం బ్యాటరీని తినేస్తుందని ఫ్యూజు పీకేసేవాళ్లున్నారు. అది తీసుకునేది కొన్ని మిల్లీ ఆంపియర్లు. 5 అనుకున్నా 35 ఆంపియర్ అవర్ బ్యాటరీని ఖాళీ చేయడానికి తొమ్మిది నెలల పైనే పడుతుంది. కీ తీసేశాక మొత్తం బండి 50 మిల్లీ ఆంపియర్లకు మించి లాగుతుంటే వేరే దొంగను వెతకాలి.

సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ టైమ్ మొదటికి వస్తోందంటే బ్యాటరీ బలహీనపడి ఉండొచ్చు. కానీ కొత్తది కొనే ముందు రూమ్ లైట్ వెలుగుతోందో లేదో చూడండి. చాలా కార్లలో గడియారానికీ ఆ లైటుకీ ఒకే ఫ్యూజు, అది పోయినా టైమ్ నిలవదు. స్టీరియో పెట్టినప్పుడు ఆ వైరు కోసి అతికించారేమో కూడా చూడండి.

రాత్రి అంకెలు మసకబారితే అది జబ్బు కాదు, పార్కింగ్ లైట్లు వేయగానే కళ్లకు ఇబ్బంది లేకుండా తగ్గేలా చేసిన ఏర్పాటు. నెలకు నిమిషం లోపు తేడా క్వార్ట్జ్‌కు మామూలే. ఆగిన గడియారం బండిలో ఉంటే అరిష్టమంటారు, బాగుచేస్తే ఆ దిగులూ ఉండదు కదా.

మంటల భయానికి నిజమైన కారణం వేరే ఉంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని 10 ఆంపియర్లది వేయాల్సిన చోట 30 ఆంపియర్లది వేయడం, ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగడం. ఈ రెండూ ఎవరు చేసినా ఒప్పుకోకండి.

విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే డ్యాష్‌బోర్డు ముట్టుకోకండి, తెలిసినవాళ్ల చేత చేయించండి. పాత ప్లాస్టిక్ ఎండకు పెళుసుబారి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే క్లిప్పులు విరుగుతాయి.

మాస్టారి బండిలో ఫ్యూజు సరైనదే, ఎర్త్ బాగుంది, వైర్ల మీద ఎక్కడా వేడి మచ్చ లేదు. అసలు గడియారం డిక్కీలో ఒక పాత గుడ్డలో చుట్టి ఉంది. మూడూ విప్పి భూతద్దం ఆయనకే ఇచ్చాను. మూడింటిలోనూ ఒకే చోట పగులు. "ఇంతేనా!" అన్నారు. మూడింటికీ టంకం వేసి, అసలుది బండిలో బిగించాను. మిగతా రెండూ అదే కవరులో పెట్టుకుని, తెలిసినవాళ్లకు ఎవరికైనా అవసరమైతే ఇస్తానన్నారు. మొన్న ఆదివారం ఫోన్ చేశారు. మనవరాలిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మచిలీపట్నం వెళ్లొచ్చారట, దారంతా ఆ పిల్లే టైమ్ చదివి చెప్పిందట.