కఫం మాటా, రోగి మాటా? 2018లో పడ్డ చిక్కుముడి

మందు పనిచేసిందా లేదా అన్నది ల్యాబ్ చెప్పాలా, రోగి చెప్పాలా? ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి తిష్ఠ వేసే మాక్ ఇన్ఫెక్షన్ విషయంలో ఈ వాదన మళ్లీ రాజుకుంది. మాక్ అంటే టీబీ క్రిమికి దూరపు చుట్టమనీ, దానికి మూడు రకాల యాంటీబయాటిక్స్ ఏడాదికి పైగా వాడాలనీ ఈపాటికి చాలామంది చదివే ఉంటారు. అవన్నీ పక్కన పెట్టి నేరుగా 2018 సెప్టెంబర్ 28కి వెళ్దాం. ఇవాళ్టి గొడవకు ముడి పడింది ఆ రోజే.

ఆ రోజు అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ, పీల్చే అమికాసిన్ అనే యాంటీబయాటిక్ మందు అరికేస్‌కు అనుమతి ఇచ్చింది. మామూలు చికిత్సకు లొంగని మాక్ రోగులకు మాత్రమే వాడాలని హద్దు గీసింది. దానికి ఆధారం 336 మందితో జరిగిన కన్వర్ట్ ట్రయల్. ఆరో నెలలోపు వరుసగా మూడు నెలలు కఫం కల్చర్ నెగెటివ్ వచ్చినవాళ్లు, అంటే ల్యాబ్‌లో పెంచి చూసినా కఫంలో క్రిమి కనపడనివాళ్లు, ఈ మందు కలిపి వాడిన గుంపులో 29 శాతం. పాత మందులతోనే సరిపెట్టుకున్న గుంపులో 8.9 శాతం. ల్యాబ్ లెక్కలో ఇది చాలా పెద్ద తేడా. కానీ తమకెలా ఉందో అదే రోగులు నింపిన ప్రశ్నావళి దగ్గరికొస్తే రెండు గుంపులూ ఒకేలా ఉన్నాయి. ఆరు నిమిషాల నడక పరీక్షలోనూ అంతే. అందుకే అది షరతులతో కూడిన త్వరిత అనుమతి అయింది. రోగికి నిజంగా మేలు జరుగుతోందని మరో ట్రయల్‌లో చూపించమని ఎఫ్‌డీఏ అడిగింది.

ఎఫ్‌డీఏ వాదన సూటిగా ఉంది. మనిషికి ఎలా ఉంది, పనులు చేసుకోగలుగుతున్నాడా, ఎంతకాలం బతుకుతాడు అన్నవే మందుకు అసలు పరీక్షలు. కఫంలో క్రిమి పోయినా మనిషికి తేడా తెలియకపోతే ఏం లాభం?

సరే, ఆ తేడాను కొలిచిన కొలబద్ద ఏది? లండన్ సెయింట్ జార్జెస్ ఆసుపత్రి పేరు మీద 1992లో వచ్చిన 50 ప్రశ్నల కాగితం. అది తయారైంది ఉబ్బసం, సీఓపీడీ (ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగుల కోసం. మాక్ రోగుల నోటి వెంట వచ్చిన మాటలతో కట్టింది కాదు. పైగా మందే గొంతును, ఊపిరితిత్తులను రేపుతుంది. అమికాసిన్ పీల్చినవాళ్లలో దాదాపు 46 శాతం మందికి గొంతు బొంగురుపోయింది, 37 శాతం మందికి దగ్గు వచ్చింది. జబ్బు వల్ల వచ్చే దగ్గు తగ్గి, నెబ్యులైజర్ పెట్టుకున్నప్పుడల్లా కొత్త దగ్గు మొదలైన మనిషిని ఊహించుకోండి. ‘దగ్గు ఎన్నిసార్లు వస్తోంది’ అని అడిగితే ఆమె మొదటిరోజు పెట్టిన గడిలోనే మళ్లీ టిక్కు పెడుతుంది. ఆ టిక్కు చూసి రోగికి మేలు జరగలేదని తేల్చడం, నా దృష్టిలో, ఆమెకు అన్యాయం. ఆమె నిజమే చెప్పింది, ప్రశ్నే రెండు దగ్గులనూ ఒకే గాట కట్టింది.

ప్రశ్నలు రోగుల నుంచే పుట్టాలన్న సంగతి అప్పటికే అందరికీ తెలుసు. ఎఫ్‌డీఏ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల సారం అదే. ముందు రోగులతో మాట్లాడాలి, వాళ్ల మాటల్లోనే ప్రశ్నలు రాయాలి. తర్వాత ఒక్కొక్కరి ముందు కాగితం పెట్టి, ఈ ప్రశ్న మీకెలా అర్థమైందో చెప్పమనాలి. మార్పేమీ లేని రోగి రెండుసార్లు నింపితే స్కోరు దాదాపు ఒకటే రావాలి. మారిన రోగి నింపితే ఆ మార్పు స్కోరులో కనిపించాలి. ఇదంతా ఓపికతో చేసే పని. కఫం రంగు గురించి అడిగే ప్రశ్నే తీసుకోండి. తెలుపు, పసుపు, ఆకుపచ్చ అని ఇచ్చిన జవాబుల చివర ‘తెలియదు’ అని కూడా ఒక గడి ఉంటుంది. కఫాన్ని ఉమ్మకుండా మింగేసేవాళ్లకు దాని రంగెలా తెలుస్తుంది? రోగుల పక్కన కూర్చుని వింటేనే అలాంటి గడి పెట్టాలని తడుతుంది.

2018 తర్వాత అందరి చూపూ క్యూఓఎల్-బి మీద పడింది. ఇది బ్రాంకియెక్టాసిస్ (ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు సాగి పాడయ్యే జబ్బు) రోగుల కోసం తయారైన 37 ప్రశ్నల కాగితం. అందులో శ్వాస లక్షణాల భాగానికి 0 నుంచి 100 వరకు స్కోరు, ఎక్కువొస్తే మేలు. దాని అనుభవం కూడా నున్నగా సాగలేదు. 2014లో ప్రచురితమైన పీల్చే అజ్‌ట్రియోనామ్ అనే మరో యాంటీబయాటిక్ ట్రయల్స్ రెండింటిలో ఒకదాంట్లో 4.6 పాయింట్ల తేడా వచ్చింది. గణాంకాల ప్రకారం అది నిలబడింది, అంటే కేవలం కాకతాళీయం అనలేం, కానీ రోగికి తెలిసే మార్పు అనాలంటే 8 కావాలి. కాబట్టి గీత ఎక్కడ గీస్తారన్నది చాలా పెద్ద విషయం.

మాక్ రోగుల్లో ఆ గీత ఎక్కడుండాలో వెతకడానికే అరైజ్ ట్రయల్ పెట్టారు. 99 మంది రోగులు. ఎవరు అమికాసిన్ పీలుస్తున్నారో, ఎవరు మందు లేని ఉత్త లిపోజోములు (మందును మోసే సన్నని కొవ్వు బుడగలు) పీలుస్తున్నారో వాళ్లకూ డాక్టర్లకూ తెలియదు. ఫలితాలు 2023లో వచ్చాయి. ఒక్కో రోగిలో అర్థవంతమైన మార్పు అంటే 14.8 పాయింట్లని అంచనా కట్టారు. దాన్ని దాటినవాళ్లు మందు గుంపులో 43.8 శాతం, రెండో గుంపులో 33.3 శాతం. సగటు మెరుగుదల 12.24, 7.76. ఏడో నెలకు కల్చర్ నెగెటివ్ 78.8 శాతం, 47.1 శాతం. కల్చర్‌లో తేడా స్పష్టం. ప్రశ్నావళి మందు వైపే మొగ్గింది, కాకపోతే గణాంకాల గడప దాటలేదు.

దీన్ని మందు ఓటమిగా చూపేవాళ్లు ఒక మాట మర్చిపోతున్నారు. ఆ ట్రయల్‌లో పరీక్షకు కూర్చున్నది ముందుగా ప్రశ్నావళి. 99 మందితో మందు సంగతి తేల్చాలని ఎవరూ అనుకోలేదు. ఆ పని ఎన్‌కోర్ అనే పెద్ద ట్రయల్‌కు అప్పగించారు. అందులో ప్రధాన కొలమానం 13వ నెలలో శ్వాస లక్షణాల స్కోరు.

ఇందులో నాకు నచ్చని చోటు ఒకటుంది. 2015 అక్టోబర్ 15న ఎఫ్‌డీఏ ఇలాంటి ఇన్ఫెక్షన్లున్న రోగులనే పిలిచి వాళ్ల బాధలు విన్నది. దగ్గు, ఆయాసంతో పాటు ఒంట్లో ఓపిక లేకపోవడం గురించి కూడా వాళ్లు చెప్పుకున్నారు. క్యూఓఎల్-బి శ్వాస భాగంలో ప్రశ్నలు తొమ్మిది. దగ్గు, కఫం, పిల్లికూతలు, ఛాతీ నొప్పి అన్నీ ఉన్నాయి. నీరసం గురించి అడిగే ప్రశ్నలు వేరే భాగంలో ఉన్నాయి, ఈ స్కోరులో కలవవు.