టైర్లు రబ్బరువైతే కారు ఏరియల్‌కు ఎర్త్ ఎక్కడిది?

అనంతపురం నుంచి ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. హ్యామ్ లైసెన్సు, అంటే సరదాకు రేడియోలో మాట్లాడుకునే అనుమతి, ఈమధ్యే చేతికొచ్చింది, వాళ్ల నాన్న పాత కారులో రేడియో సెట్టు బిగించాలని ఉబలాటం. "అన్నా, ఇంటిమీద ఏరియల్‌కైతే ఎర్త్ పాతమంటారు, కారుకేమో నాలుగు రబ్బరు చక్రాలు, మరి ఎర్త్ ఎక్కడిది? పెట్రోలు ట్యాంకర్ల వెనక నేలకు తగిలేలా గొలుసు వేలాడుతుంటుంది కదా, అట్లాంటిది కట్టాలా?" అన్నాడు. ఏ సెట్టు కొనాలి, ఎన్ని వాట్లు కొనాలి అని అడిగేవాళ్లే ఎక్కువ. ఇలాంటి ప్రశ్న వస్తే నాకు పండగే.

గొలుసు వద్దు. ట్యాంకరు గొలుసు పని వేరే, అది స్థిర విద్యుత్తు పోగుపడి నిప్పురవ్వ లేవకుండా చూడటానికి. బడిలో మనచేత ఎర్త్ గుర్తుకు మూడు అడ్డగీతలు గీయించారేగానీ, కరెంటు ఎటు పోయి ఎటు వస్తోందో ఎవరూ అడగనివ్వలేదు. అందుకే షాకు కొట్టకుండా పెట్టే ఎర్తూ, పిడుగు కోసం పాతే ఎర్తూ, ఏరియల్ కింది గ్రౌండూ అన్నీ ఒకటే అనుకుంటాం. ఏరియల్‌కు కావలసింది నేల కాదు. తన కాళ్ల కింద కాస్త విశాలమైన లోహం.

మనదేశంలో హ్యాములు వాడే 2 మీటర్ల బ్యాండు (ఫ్రీక్వెన్సీల పట్టీ) 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా. 145 దగ్గర తరంగదైర్ఘ్యం 2 మీటర్లకు కొంచెం పైన, దాంట్లో నాలుగో వంతు అరమీటరు. కారు టాపు నడిమధ్య అరమీటరు కడ్డీ నిలబెడితే చాలు. కానీ కడ్డీలోకి కరెంటు ఎక్కాలంటే అంతే కరెంటు ఇంకోవైపు నుంచి రావాలి కదా, అది టాపు రేకులోంచి వస్తుంది, అన్ని దిక్కుల నుంచీ కడ్డీ మొదలు వైపుకు, మొదట్లో ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా. నిండిన చెరువు పక్కన తాటిచెట్టును ఊహించుకోండి. నీళ్లలో ఇంకో తాటిచెట్టు తలకిందులుగా కనిపిస్తుంది, ఎదురుకట్ట మీదున్నవాడికి మొత్తం చెట్టు రెండింతల పొడవు. టాపు రేకు చేసేదీ ఇదే. విద్యుత్ క్షేత్రం లోహాన్ని నిలువుగా తప్ప వేరేలా తాకలేదు, కాబట్టి రేకుకు పైన ఉన్న క్షేత్రమంతా కింద ఇంకో అరమీటరు కడ్డీ తలకిందులుగా ఉంటే ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంటుంది. దూరంగా వినేవాడికి వచ్చేది పూర్తి డైపోల్ (రెండు సగాల ఏరియల్) తరంగమే. నిజం కడ్డీ సగమే కాబట్టి ఇంపిడెన్సు (కరెంటుకు చూపే అడ్డు) కూడా సగమే, డైపోల్‌కు 73 ఓములైతే దీనికి 36. మన కేబులు 50 ఓములది, అంటే ఎస్‌డబ్ల్యుఆర్ (కేబులుకూ ఏరియల్‌కూ పొంతన ఎంత కుదిరిందో చెప్పే కొలత, 1 అయితే పూర్తిగా కుదిరినట్టు) సుమారు 1.4. ఏ సెట్టూ దానికి గొణగదు.

ఇక చెరువు ఎంతుండాలి? చిన్న మడుగైతే మొదలు నీడ పడుతుంది, తల నీడ పడదు. కడ్డీ చుట్టూ కనీసం నాలుగో వంతు తరంగదైర్ఘ్యం మేర రేకు కావాలి. మామూలు కారు టాపు వెడల్పు మీటరు పైచిలుకు, అంటే మధ్యలో పెడితే రెండు పక్కలా అరమీటరు. 2 మీటర్ల బ్యాండుకు కొలిచి చేసినట్టే ఉంది! సన్‌రూఫ్ ఉన్న కారైతే నడిమధ్య నీళ్లెండిపోయిన చెరువన్నమాట. గాజు ఇక్కడ అద్దంలా పనిచేయదు.

టాపుకు బెజ్జం వేయడానికి ఎవరికీ మనసొప్పదు, అందరూ మాగ్నెట్ బేసే పెడతారు. అప్పుడు మధ్యలో పెయింటు ఉంది కదా, లోహానికి లోహం తగలదు కదా అని ఇంకో అనుమానం. 8 సెంటీమీటర్ల బేసు, మిల్లీమీటరులో పదో వంతు పెయింటు వేసుకుంటే అదొక కెపాసిటరు, సుమారు 1,300 పికోఫారడ్లు. 145 మెగాహెర్ట్జ్‌కు అది చూపే అడ్డు ఒక ఓముకన్నా తక్కువ, పెయింటు లేనట్టే. అదే బేసు 7 మెగాహెర్ట్జ్‌కు వాడితే 17 ఓములు. అందుకే కారులో హెచ్ఎఫ్ (7 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీలు) పెట్టేవాళ్లు బోల్టు బిగిస్తారు, బానెట్టుకూ డోర్లకూ జడలా అల్లిన తీగ వేసి బాడీకి కలుపుతారు.

7 మెగాహెర్ట్జ్ దగ్గర కుర్రాడి అనుమానానికి సగం బలం కూడా వస్తుంది. తరంగం 42 మీటర్లు, కారు దాని ముందు ఏ మూలకు? ఇక్కడ అద్దం కారు కాదు, రోడ్డే. కారు అడుగుభాగానికీ నేలకూ మధ్య ఉండే కొన్ని వందల పికోఫారడ్ల ద్వారా కరెంటు నేలలో తిరిగొస్తుంది, టైర్లను అడగదు. కానీ అనంతపురంలో ఎండిన ఎర్రనేల, కింద బండరాయి, కరెంటును మింగేస్తుంది. రెండున్నర మీటర్ల కడ్డీకి రేడియేషన్ రెసిస్టెన్సు (తరంగంగా గాల్లోకి పోయే పవరుకు లెక్క) ఒకటిన్నర ఓము లోపే, కాయిలు, నేల కలిసి తినేది 15 ఓములనుకుంటే, 100 వాట్లు పంపితే గాల్లోకి పోయేది 10 వాట్ల లోపు. అయినా మాటలు వందల కిలోమీటర్లు పోతాయి, తరంగాన్ని తిరిగి కిందికి వంచే అయనోస్పియర్ పొర పైన ఉంది. పదో వంతు పవరంటే అవతలివాడి ఎస్-మీటరు (సిగ్నల్ బలం చూపే మీటరు) మీద రెండు గీతలు కూడా తగ్గదు.

పిడుగు పడితే టైర్లే కాపాడతాయనేదీ ఇలాంటి నమ్మకమే. కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకొచ్చేదానికి నాలుగంగుళాల రబ్బరు ఒక లెక్కా? కాపాడేది మన చుట్టూ ఉన్న లోహపు బాడీ. దిష్టికని ఏరియల్ కొసకు నిమ్మకాయ కట్టినవాళ్లూ ఉన్నారు. కడ్డీ కొసలో వోల్టేజి అన్నిటికన్నా ఎక్కువ, అక్కడ తడి నిమ్మకాయ అంటే అదనపు కెపాసిటెన్సు, ట్యూనింగు కిందికి జారుతుంది. బంపరుకు కట్టుకోండి బాబూ.

వైరింగు సంగతి రెండు ముక్కల్లో: సిగరెట్ లైటరు సాకెట్ వద్దు, 50 వాట్ల సెట్టు పది ఆంపియర్లకు పైనే లాగుతుంది, బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. మే నెలలో కర్నూలు ఎండలో సెట్టును డాష్‌బోర్డు మీద వదలొద్దు, సెట్టు బాడీ సీటు కింద, బటన్లుండే ముఖం మాత్రమే పైన.

ఏరియల్ బంపరు మూలకు కట్టినవాళ్ల సంగతి మిగిలింది. కట్ట అంచున ఉన్న చెట్టు నీడ ఒకవైపే పడుతుంది. వెనక ఎడమ మూలన కడితే సిగ్నల్ ముందు కుడివైపుకు మొగ్గుతుంది. కడపలో ఉన్న మిత్రుడితో మాట్లాడుతూ గువ్వలచెరువు ఘాటు ఎక్కితే ఇది బాగా తెలుస్తుంది, ఒక్కో వంపుకు గొంతు బుసలో మునిగి మళ్లీ తేలుతుంది. కొంత కొండ అడ్డం, కొంత కారు దిశ. ఏది ఎంతో తేల్చాలంటే పైన కోవా అంగళ్ల దగ్గర జాగా చూసుకుని కారును నెమ్మదిగా చుట్టూ తిప్పుతూ, పక్కనున్నవాళ్లను సెట్టు ఎస్-మీటరు చూడమనండి. అయితే రాళ్లకు తగిలి వచ్చిన తరంగం నేరుగా వచ్చినదాన్ని ఒక్కోచోట చంపేస్తుంది, అలాంటి చోట్లు సుమారు మీటరుకొకటి ఉండొచ్చు, కాబట్టి అరమీటరు ముందుకు జరిగి మళ్లీ ఒకసారి తిప్పి చూడాలి. అంగడివాళ్లు వింతగా చూస్తారు, ఓ అరకిలో కోవా కొనేయండి.