పట్టు పొడైపోతుంది, జుట్టు మిగులుతుంది

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులోని ఓ గొప్పింటి ఆవిడ నగలపెట్టె తెరిస్తే, మనకు ముందుగా ఒళ్ళు జలదరించేది అందులోని జుట్టు చూసే. పోయిన భర్తది, పసితనంలోనే పోయిన బిడ్డది, పెళ్ళై దూరదేశం వెళ్ళిపోయిన చెల్లెలిది. కొంత లాకెట్లో అద్దం కింద ఉంటుంది, కొంత సన్నగా అల్లించి గొలుసుగానో చెవిపోగులుగానో చేయించుకున్నది. వింతగా అనిపిస్తుంది గానీ, నన్నడిగితే ఆ పెట్టెలో దాచుకోవడానికి అంతకంటే మంచి వస్తువు లేదు. డబ్బు ధారపోసి కుట్టించుకున్న పట్టు గౌన్లు చాలావరకు చీలికలు పేలికలైపోయాయి, జుట్టు మాత్రం 150 ఏళ్ళ తర్వాత కూడా నిన్నో మొన్నో కత్తిరించినట్టే ఉంది.

కారణం కెరాటిన్. జుట్టులోని ఈ ప్రొటీన్‌లో సల్ఫర్ ఎక్కువ, ఆ సల్ఫర్ పరమాణువులు జతలు కట్టి పక్కపక్కనున్న ప్రొటీన్ గొలుసుల్ని గట్టిగా ముడివేస్తాయి. అందుకే అది నీళ్ళలో కరగదు, మామూలు బాక్టీరియాకు కొరుకుడు పడదు. బట్టలు కొరికే చిమ్మెట పిల్లపురుగుల్లాంటివి కొన్ని మాత్రమే దాన్ని తిని అరిగించుకోగలవు, లాకెట్ అద్దం వాటిని లోపలికి రానివ్వదు. పైగా పనివాళ్ళు అల్లే ముందు జుట్టును సోడా నీళ్ళలో మరిగించి జిడ్డంతా వదిలించేవాళ్ళు. తర్వాత పొడవుల ప్రకారం ఏరి, నడుమ రంధ్రం ఉన్న గుండ్రటి బల్ల చుట్టూ పాయలు పరిచి, ఒక్కో పాయ చివర చిన్న సీసపు గుండు వేలాడదీసి అల్లేవాళ్ళు.

కాకపోతే ఒక టెన్షన్ ఉండేది. మనం ఇచ్చిన జుట్టే దుకాణంవాడు అల్లాడా, లేక ఇంకెవరిదో కలిపేశాడా? ఈ అనుమానంతోనే చాలామంది ఆడవాళ్ళు పత్రికల్లో చూసి ఆ పని ఇంట్లోనే నేర్చుకున్నారు. ఇలాంటి పొరపాటు ఎంత దూరం పోగలదో సంగీతకారుడు బీథోవెన్ విషయంలో తేలింది. 1827లో ఆయన పోయినప్పుడు 15 ఏళ్ళ సంగీత విద్యార్థి ఫెర్డినాండ్ హిల్లర్ కత్తిరించి తీసుకున్నాడని చెప్పే జుట్టు ఒకటి లాకెట్లో భద్రంగా ఉంది. అందులో సీసం దొరికిందని, సీసమే ఆయన ఆరోగ్యాన్ని పాడుచేసి ఉంటుందని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. 2023లో డీఎన్ఏ పరీక్ష చేస్తే అది ఒక స్త్రీ జుట్టు అని తేలింది! అదే పరిశోధనలో నిజంగా ఆయనవేనని తేలిన పాయల్లో హెపటైటిస్ బి వైరస్ జాడ కనిపించింది. ప్రేమకొద్దీ దాచిన పిడికెడు జుట్టు రెండు వందల ఏళ్ళ తర్వాత రోగనిర్ధారణకు పనికొచ్చిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

జుట్టు తర్వాత చెప్పుకోవాల్సింది జెట్. 1861 డిసెంబరులో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి 1901లో తాను పోయేదాకా నలుపే కట్టింది, దాంతో నల్లనగలకు గిరాకీ ఆకాశానికెళ్ళింది. యార్క్‌షైర్ తీరంలోని విట్బీ ఊళ్ళో దొరికే జెట్ చూడ్డానికి రాయే, నిజానికి 18 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున బురదలో కూరుకుపోయి నలిగి గట్టిపడిన చెట్టు. అందుకే ఎంత లావు హారమైనా మెడకు బరువనిపించదు. కొనే స్తోమత లేనివాళ్ళకు నల్లగాజుతో, వల్కనైట్‌తో నకళ్ళు వచ్చాయి. తేడా పట్టుకోవడం సులువే. గాజు ముట్టుకోగానే చల్లగా తగులుతుంది, జెట్ అలా తగలదు. మెరుగులేని పింగాణి మీద గీస్తే జెట్ గోధుమరంగు గీత వదులుతుంది. వల్కనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు, వెలుతురు తగిలేకొద్దీ నలుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. దానితో ఇంకో చిక్కు, అది వదిలే గంధకపు ఆవిర్లకు పక్కనున్న వెండి కూడా నల్లబడుతుంది.

ఇక పట్టు. పట్టుదారాన్ని ఉడికించి సెరిసిన్ అనే జిగురు తీసేస్తే బరువులో దాదాపు నాలుగో వంతు పోతుంది. పట్టు అమ్మేదేమో తూకానికి. ఆ నష్టం పూడ్చుకోవడానికి వ్యాపారులు దారాన్ని తగరం, ఇనుము లవణాల్లో ముంచారు, శతాబ్దం చివరికొచ్చేసరికి ఆ లవణాల బరువు కొన్నిసార్లు పట్టు బరువునే మించిపోయింది. గుడ్డ నిండుగా, అందంగా జారేది, కొన్న ఆవిడకు అదే నాణ్యత అనిపించేది. కానీ ఆ లోహలవణాలే వెలుతురుతో, గాలితో కలిసి లోలోపల దారాన్ని తెంచుతూ వచ్చాయి. మన బీరువాల్లో పాత పట్టుచీర మడత దగ్గర చీలినట్టే మొదలవుతుంది, కాకపోతే ఆ గౌన్లు అక్కడితో ఆగవు, ముట్టుకుంటే రాలిపోతాయి. మ్యూజియంవాళ్ళు చీకట్లో చదునుగా పరిచి ఉంచితే ఆ నాశనం నెమ్మదిస్తుందంతే, ఆగదు.

ఆ పెట్టెలో తలలో పెట్టుకునే ఆకుపచ్చ గుడ్డపూలుంటే మాత్రం వట్టి చేత్తో ముట్టుకోకూడదు. 1814 నుంచి తయారైన ఎమరాల్డ్ గ్రీన్ రంగు రాగి, ఆర్సెనిక్ కలిసిన విషం. లండన్‌లో ఆ పొడిని ఆకుల మీద అద్దే పనిచేసిన 19 ఏళ్ళ మటిల్డా షూరర్ 1861 నవంబరులో చనిపోయింది. ఆమె కంటి తెల్లగుడ్డు ఆకుపచ్చగా మారిందని, చూసిందల్లా ఆకుపచ్చగా కనిపిస్తోందని చెప్పిందని అప్పటి వార్తల్లో ఉంది. ఆల్బర్ట్ పోవడానికి కొన్ని వారాల ముందు మాట ఇది. పట్టులా ఆర్సెనిక్ శిథిలం కాదు, అది మూలకం, ఎన్నేళ్ళైనా ఆర్సెనిక్‌గానే ఉంటుంది. అందుకే ఆ కాలపు ఆకుపచ్చ వస్తువు ఏది చేతికొచ్చినా మ్యూజియంవాళ్ళు ముందు గ్లవ్స్ వేసుకుని, ఎక్స్‌రే పరికరంతో పరీక్షించాకే పని మొదలుపెడతారు.