జర్మన్ చాక్లెట్ కేక్: పేరు దగ్గరే మొదలయ్యే అపోహలు

కేకులు చేయడం నేర్పేటప్పుడు నాకు ఎక్కువ ప్రశ్నలు ఎదురయ్యేది ఈ కేక్ గురించే. లేత గోధుమరంగు చాక్లెట్ కేక్ మూడు పొరలు, వాటి మధ్య కొబ్బరి, పెకాన్ (అక్రోటును పోలిన గింజ) పలుకులు కలిపి ఉడికించిన ఫ్రాస్టింగ్, అంటే కేక్‌కు పూసే తీపి పూత. చూస్తే సాదాసీదాగానే ఉంటుంది. "ఎక్కడో చెడిందండీ" అంటూ నాకు చూపించే కేకుల్లో చాలావాటికి జబ్బు ఒక్కటే. దీన్ని మామూలు చాక్లెట్ కేక్ అనుకుని మొదలుపెట్టి ఉంటారు.

అపోహ: ఇది జర్మనీ నుంచి వచ్చింది

అచ్చంగా అమెరికాది. 1852లో శామ్యూల్ జర్మన్ అనే ఆయన బేకర్ చాక్లెట్ కంపెనీ కోసం ముందే చక్కెర కలిపిన వంట చాక్లెట్ తయారుచేశాడు. ఆయన పేరు మీదే దానికి "బేకర్స్ జర్మన్స్ స్వీట్ చాక్లెట్" అని పేరు పెట్టారు. జర్మన్ అన్నది దేశం కాదు, ఇంటిపేరు. తమాషా ఏమిటంటే బేకర్ కూడా వృత్తి కాదు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని డోర్‌చెస్టర్‌లో ఆ వ్యాపారం నడిపిన కుటుంబం ఇంటిపేరు.

కేక్‌కు పేరొచ్చింది శతాబ్దం గడిచాక. 1957 జూన్‌లో టెక్సస్‌కు చెందిన ఒక గృహిణి పంపిన వంటకాన్ని డాలస్ మార్నింగ్ న్యూస్ పత్రిక అచ్చువేసింది. అప్పటికి ఆ చాక్లెట్ జనరల్ ఫుడ్స్ సంస్థ చేతిలో ఉంది. వాళ్లు ఆ వంటకాన్ని దేశమంతా ఇతర పత్రికలకూ పంపారు. నోళ్లలో నలిగి "జర్మన్స్"లోని చివరి "స్" రాలిపోయింది, కేక్ జర్మనీది అయిపోయింది.

అపోహ: నల్లగా లేకపోతే చాక్లెట్ తక్కువైనట్టే

ఈ మాట నమ్మి కోకో పొడి కుమ్మరించేవాళ్లు ఎందరో. పాత పద్ధతిలో మూడు పొరలకూ కలిపి పడేది 113 గ్రాముల తీపి చాక్లెట్ మాత్రమే, అదీ అర కప్పు మరిగే నీళ్లలో కరిగించి. దానికి రెండు కప్పుల మైదా, రెండు కప్పుల చక్కెర, ఒక కప్పు వెన్న, నాలుగు గుడ్లు, ఒక కప్పు బటర్‌మిల్క్ తోడవుతాయి. ఇన్నిటి మధ్య అంత చాక్లెట్‌కు రంగు లేతగానే వస్తుంది. రావాలి కూడా. కొబ్బరి, పెకాన్, వెన్నల రుచి పైకి తేలడానికి కింద చాక్లెట్ కాస్త తగ్గి ఉండాలి. నల్లటి కేక్ ఇష్టమైతే చేసుకోండి, తప్పేం లేదు. కానీ అప్పుడు ఫ్రాస్టింగ్ వెనక్కి పోతుంది.

అపోహ: సోడా బదులు అంతే బేకింగ్ పౌడర్ వేస్తే సరి

ఇందులో పొంగు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, చెంచాడు వంట సోడా బటర్‌మిల్క్‌లోని పులుపుతో కలిసి విడుదల చేసే గాలి. రెండు, విడిగా గిలక్కొట్టి చివర్లో కలిపే తెల్లసొన నురగ. బేకింగ్ పౌడర్‌లో సోడాతోపాటు పులుపు కూడా ముందే ఉంటుంది, దాని బలం సోడాలో మూడో వంతో నాలుగో వంతో. అంతే కొలత వేస్తే పొంగు చాలదు, బటర్‌మిల్క్ పులుపు కూడా తగ్గదు. అన్నట్టు, బటర్‌మిల్క్ అంటే నీళ్లు పోసి చిలికిన పల్చటి మజ్జిగ కాదు. అమెరికాలో ఆ పేరుతో అమ్మేది పాలను తోడుపెట్టి చేసిన చిక్కటి ద్రవం.

తెల్లసొనను గట్టిపడేదాకా కొట్టండి, మెరుపు మాత్రం పోనివ్వకండి. మెరుపు పోయి పొడిపొడిగా విడిపోతే నురగ పిండిలో కలవదు, తెల్లటి ఉండలుగా మిగులుతుంది. ముందు మూడో వంతు వేసి ధైర్యంగానే కలపండి, పిండి వదులవుతుంది. నెమ్మదితనం మిగతాదానికి దాచుకోండి.

అపోహ: ఎవాపరేటెడ్ మిల్క్, కండెన్స్‌డ్ మిల్క్ ఒకటే

డబ్బాలు ఒకేలా ఉంటాయి, అంతే. ఈ ఫ్రాస్టింగ్‌లో పడేది ఎవాపరేటెడ్ మిల్క్. ఎవాపరేటెడ్ మిల్క్ అంటే సుమారు 60 శాతం నీరు తీసేసిన పాలు, చక్కెర కలపరు. కండెన్స్‌డ్ మిల్క్‌లో 40 శాతానికి పైగా చక్కెరే. రెండోది పోసి, ఫ్రాస్టింగ్‌కు పడే ఒకటిన్నర కప్పుల చక్కెరా వేస్తే తయారయ్యేది ఫ్రాస్టింగ్ కాదు, పళ్లకు అంటుకునే మిఠాయి.

అపోహ: పచ్చసొన పొయ్యి మీద పెడితే విరిగిపోతుంది, కాబట్టి పచ్చిగానే కలపాలి

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఈ అపోహే. ఈ ఫ్రాస్టింగ్ బటర్‌క్రీమ్ (వెన్న, చక్కెర కలిపి చేసే పూత) లాగా గిలక్కొట్టేది కాదు, కస్టర్డ్ లాగా ఉడికించేది. చిక్కదనం పచ్చసొన ఉడకడం వల్లే వస్తుంది. పచ్చిగా వదిలేస్తే ఫ్రాస్టింగ్ కారిపోతుంది, ఆరోగ్యానికీ మంచిది కాదు.

పచ్చసొనలోని ప్రోటీన్లు వేడికి ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయి. చుట్టూ పాలు, చక్కెర ఎక్కువగా ఉంటే అవి అంత త్వరగా కలుసుకోలేవు. అందుకే గుడ్డు ఒక్కదాన్నే వేయించినప్పటికన్నా ఎక్కువ వేడికి తట్టుకుంటుంది. ఒక డబ్బా (354 మి.లీ.) ఎవాపరేటెడ్ మిల్క్, చక్కెర, నాలుగు పచ్చసొనలు చల్లగా ఉన్నప్పుడే బాగా కలిపి, ముప్పావు కప్పు వెన్న వేసి, అప్పుడు పొయ్యి మీద పెట్టండి. మధ్యస్థమైన మంట మీద సుమారు 12 నిమిషాలు పడుతుంది. గరిటె అడుగంతా, అంచులంతా తిరుగుతూనే ఉండాలి. ఆ కాసేపు ఫోన్ మోగినా ఎత్తకండి. రంగు బంగారు ఛాయకు తిరిగి, అడుగున గరిటెతో గీసిన దారి ఒక్క క్షణం అలాగే నిలిస్తే దించేయండి. గుడ్డు గడ్డకట్టిన ఉండలు కనిపించాయా? కొబ్బరి వేయకముందే వడకట్టాలి. వేశాక ఇక దారి లేదు.

అపోహ: దించగానే చిక్కగా లేకపోతే ఇంకా ఉడికించాలి

చల్లారేకొద్దీ వెన్న బిగుస్తుంది, కొబ్బరి తడి పీల్చుకుంటుంది. వేడిమీద కాస్త జారుడుగానే ఉండాలి. తొలిరోజుల్లో ఓపిక పట్టలేక గోరువెచ్చగా ఉన్నప్పుడే పూసేశాను. పది నిమిషాల్లో పై పొర మెల్లగా పక్కకు జరుగుతూ పళ్లెం అంచు దాకా ప్రయాణం చేసింది. పట్టుకుని నిలబడ్డాను, ఇంకేం చేస్తాను.

కొబ్బరి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వంటకంలోని కొలత (సుమారు 200 గ్రాములు) చక్కెర పట్టించిన మెత్తటి తురుముకు. చక్కెర లేని ఎండు పొడి చాలా తడి పీల్చేస్తుంది, దాన్ని తగ్గించి వేయాలి.

అపోహ: పక్కలు కూడా కప్పకపోతే పని సగమే అయినట్టు

సంప్రదాయం ప్రకారం పక్కలు ఖాళీగానే వదులుతారు. ఈ ఫ్రాస్టింగ్ నిలువు గోడల మీద నిలవదు కూడా.

అపోహ: పెకాన్ లేకపోతే కేకే లేదు

అక్రోటు వేయొచ్చు, పొట్టులో కాస్త చేదు ఉంటుంది, తీపికి ఆ చేదు నాకు నచ్చుతుంది కూడా. ఏది వేసినా 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది నుంచి పది నిమిషాలు వేయించి, చల్లార్చి, ఆపైన తరగండి. పచ్చి పలుకులు ఫ్రాస్టింగ్‌లో మెత్తబడి రుచే తెలియకుండా పోతాయి.

అపోహ: చక్కెర ఇంత ఉంది కదా, బయట పెట్టినా పాడవదు

గుడ్డు, పాలు ఉన్న ఫ్రాస్టింగ్ ఇది. రెండు గంటలు దాటితే ఫ్రిజ్‌లోకి వెళ్లాల్సిందే. ఫ్రిజ్‌లో వెన్న బిగిసి కేక్ గట్టిగా అనిపిస్తుంది, దాన్ని చూసి ఎండిపోయిందని కంగారుపడతారు. తినడానికి అరగంట ముందు బయటికి తీసి పెట్టండి. ఇక కేక్‌కు నాలుగు పూర్తి గుడ్లు, ఫ్రాస్టింగ్‌కు నాలుగు పచ్చసొనలు పోగా మిగిలిన నాలుగు తెల్లసొనలు పారేయకండి, మూతపెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే మెరాంగ్‌కు (తెల్లసొన, చక్కెర నురగతో చేసే తీపి) పనికొస్తాయి.