వరద తీసిన తరువాత తాగే నీరు

2019 మార్చి 14 రాత్రి ఇడాయ్ తుఫాను మొజాంబిక్‌లోని బైరా రేవు పట్టణం దగ్గర తీరం దాటింది. పదమూడు రోజులకు, మార్చి 27న, అక్కడ కలరా సోకినట్లు అధికారులు ప్రకటించారు. గాలివాన వెలిసి, ముంపు తీస్తూ, జనం కాస్త తెరిపిన పడే వేళకే ఈ రెండో ఆపద వచ్చిపడుతుంది.

మామూలు రోజుల్లో మంచినీటి గొట్టం లోపలి పీడనం బయటికంటే ఎక్కువగా ఉంటుంది కనుక, అతుకుల దగ్గర సన్నని పగుళ్లున్నా నీరు బయటికి కారుతుందే తప్ప బయటి నీరు లోపలికి రాదు. కరెంటు పోయి పంపులు ఆగిపోతే ఆ పీడనం పడిపోతుంది. చుట్టూ నేలలో ఇంకిన మురుగు అవే పగుళ్ల గుండా గొట్టంలోకి చేరుతుంది. సరఫరా మొదలయ్యాక కుళాయి తిప్పినవారి బిందెలో ముందుగా పడేది ఆ నీరే. బావుల సంగతి చెప్పనక్కరలేదు: మరుగుదొడ్ల గుంతలను ముంచిన వరదే వాటినీ ముంచుతుంది.

ఆ బిందెలో క్లోరిన్ బిళ్ల వేసి నిశ్చింతగా ఉండడం పొరపాటు. నీరు బురదగా ఉంటే అందులోని సేంద్రియ పదార్థమే క్లోరిన్‌ను చాలావరకు ఖర్చు చేసేస్తుంది. క్రిములను చంపడానికి మిగిలేది కొంచెమే. అరగంట గడిచాక కూడా లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రామాణిక సూత్రం. అందుకే ముందు నీటిని తేరనిచ్చి, గుడ్డతో వడకట్టాలి. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, బంగ్లాదేశ్ గ్రామాల్లో పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి నీళ్లు వడకట్టుకున్నవారిలో కలరా దాదాపు సగానికి తగ్గినట్లు 2003లో పరిశోధకులు ప్రకటించారు. కలరా క్రిమి నీటిలో తేలాడే, తనకంటే ఎన్నో రెట్లు పెద్దవైన చిన్న జీవులను అంటిపెట్టుకుని ఉంటుంది; ఆ జీవులు మడతల్లో చిక్కుకుంటాయి.

కలరా సోకిన కొన్ని గంటల నుంచి ఐదు రోజుల లోపు బయటపడుతుంది. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో నడిచినవారికి కాళ్ల గాయాల ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్‌కు సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. 2009లో కెట్సానా తుఫాను ముంచెత్తిన మనీలాలో అది పెద్దయెత్తున ప్రబలింది. నన్ను ఎక్కువగా కలవరపరిచేది, కలుషిత నీటి ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-ఇ. దాని పచ్చకామెర్లు రెండు నుంచి పది వారాల తరువాత, అంటే పునరావాస శిబిరాలు ఎత్తేసి వైద్యబృందాలు వెళ్లిపోయాక కూడా కనిపించవచ్చు. నెలలు నిండుతున్న గర్భిణులకు అది ప్రాణాంతకం కాగలదు. కాబట్టి నీటి పరీక్షలు, ఆరోగ్య కార్యకర్తల ఇంటింటి తనిఖీ కనీసం మూడు నెలలు సాగాలి.

బైరా ప్రాంతంలో ఏప్రిల్ మొదట్లోనే సుమారు ఎనిమిది లక్షల మందికి నోటి ద్వారా కలరా టీకా ఇచ్చారు, చికిత్సా కేంద్రాలు తెరిచారు. ఆరు వేలకు పైగా జనం జబ్బుపడగా, చనిపోయినట్లు నమోదైనవారు ఎనిమిది మంది.