కుళాయి నీళ్లు, మురుగు లైన్లు: హైదరాబాద్‌లో రోజూ వినే అపోహలు

హైదరాబాద్‌లో తాగునీరు ఇచ్చేదీ, మురుగు తీసుకెళ్లేదీ ఒకే సంస్థ: 1989లో ఏర్పడిన జలమండలి. నీటి సరఫరా ఇంజినీరుగా ఈ రెండు లైన్ల మధ్యే పనిచేస్తాను కాబట్టి, జనం గట్టిగా నమ్మే కొన్ని మాటల గురించి రాస్తున్నాను.

అపోహ: మనం తాగేది గండిపేట నీళ్లే.

వాస్తవం: ఒకప్పుడు నిజమే. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (మనం గండిపేట అనేది దీన్నే) 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. తర్వాత మంజీరా, సింగూరు తోడయ్యాయి. ఇప్పుడు నగరం ప్రధానంగా కృష్ణా, గోదావరి మీదే ఆధారపడింది. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వస్తాయి. నాగార్జునసాగర్ వైపు నుంచి వచ్చే కృష్ణా నీటిని కోదండాపూర్‌లో శుద్ధి చేసి, అక్కడా, నాసర్లపల్లిలో, గోడకొండ్లలో పంపులతో ఎక్కిస్తే గానీ నగరానికి నీళ్లు పంపే గున్‌గల్ రిజర్వాయర్‌కు చేరవు. అంత దూరంలో కరెంటు పోయినా ఎల్బీనగర్ వైపు కుళాయి ఆలస్యమయ్యేది ఇందుకే.

అపోహ: నెలకు 20 వేల లీటర్లు ఉచితం కదా, పారితే పారనీ.

వాస్తవం: ఆ పరిమితి దాటితే బిల్లు పడుతుంది. బస్తీలు మినహా మిగతా ఇళ్లలో మీటరు పనిచేస్తేనే ఉచితం వర్తిస్తుంది. పైగా మూడు పంపులెక్కి వచ్చిన నీళ్లవి. సంపు నిండి రోడ్డు మీద పారుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

అపోహ: నల్లాకు మోటారు పెట్టుకుంటే నా వాటా నేను తీసుకున్నట్టే.

వాస్తవం: ముందు నష్టపోయేది పక్కింటివాళ్లు. వాళ్లకు ప్రెషర్ పడిపోతుంది. అసలు ప్రమాదం అంతకంటే పెద్దది. పైపులో ఒత్తిడి ఉన్నంతసేపు చిన్న చిల్లు ఉన్నా నీళ్లు బయటికే పోతాయి, బయటి మురికి లోపలికి రాదు. మోటారు లాగినప్పుడు ఆ చిల్లే బయటి నీటిని లోపలికి పీలుస్తుంది. చాలాచోట్ల నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా అంతే.

కలుషిత నీళ్లని ఫిర్యాదు వస్తే ముందు అడిగేది, ఒక్క ఇంటికేనా, వరసంతటికీనా అని. ఒక్క ఇంటికే అయితే సర్వీసు పైపును, అంటే వీధి లైన్ నుంచి ఇంటికి వచ్చే పైపును, అనుమానిస్తాం. తవ్వితే తరచూ కనిపించేది తుప్పు పట్టిన పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు, అదీ మురుగు ఛాంబర్ పక్కనుంచో, దాని మధ్యలోంచో పోతూ. గాజు గొట్టంలో నీళ్లు పట్టి పరీక్ష ద్రావణం రెండు మూడు చుక్కలు వేస్తాం. పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. రంగే రాకపోతే ఆ నీళ్లు తాగవద్దని అక్కడికక్కడే చెప్పేస్తాం. ప్రమాణాల ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. కొంచెం వాసన వస్తే చాలు మందు ఎక్కువైందని తిట్టుకుంటారు గానీ, మన పిల్లల్ని కాపాడేది ఆ కాస్త క్లోరినే.

అపోహ: నీళ్లు పాలలా తెల్లగా వస్తే ఏదో కలిపినట్టే.

వాస్తవం: చాలావరకు అది గాలి. గ్లాసులో పట్టి ఓ నిమిషం ఉంచండి. అడుగు నుంచి పైకి తేటపడితే టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: వాన పడ్డప్పుడు మ్యాన్‌హోల్ మూత తీస్తే నీళ్లు త్వరగా పోతాయి.

వాస్తవం: మురుగు లైన్ వేసింది ఇళ్ల మురుగుకు. వాన నీటికి నాలాలు, వరద కాలువలు వేరే ఉన్నాయి. డాబా మీది పైపును మురుగు లైన్‌కు కలిపినా, మూత తెరిచినా, లైన్ పట్టలేక కింది వీధిలో మ్యాన్‌హోల్ పొంగుతుంది. ఆ మురుగు పల్లంలో ఉన్న పేదవాడి ఇంట్లోకే పోతుంది. చెత్త, ఇసుక దిగి లైన్ పూడుకుపోతుంది. నీళ్లలో ఆ గుంత కనపడక మనిషి పోతే తెచ్చివ్వగలిగేవాళ్లెవరు? మూత తీయకండి, జలమండలి నంబరు 155313కు ఫోన్ చేయండి.

అపోహ: జామ్ అయితే ఒక మనిషిని దింపితే పని అయిపోతుంది.

వాస్తవం: రక్షణ సరంజామా లేకుండా మురుగు లైన్‌లోకో సెప్టిక్ ట్యాంకులోకో మనిషిని దింపడాన్ని పాకీ పని నిషేధిస్తూ వచ్చిన 2013 చట్టం నేరంగా చెప్పింది. లోపల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే వాసన తెలియడమే ఆగిపోతుంది. దిగినవాడు, వాడిని పట్టుకోబోయినవాడు ఇద్దరూ పడిపోతారు. లైన్‌లకు ఒత్తిడితో నీళ్లు కొట్టి శుభ్రం చేసే జెట్టింగ్ యంత్రాలున్నాయి, సెప్టిక్ ట్యాంకులకు బండ్లున్నాయి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లో ఎవరైనా "వెయ్యి రూపాయలిస్తే దిగుతాడు" అంటే, అక్కడే అడ్డుపడండి.