నిట్ ర్యాప్ డ్రెస్: టైలరింగ్ క్లాసులో తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు చకచకా కుట్టేసేవాళ్లు కూడా సాగే బట్ట చేతికిస్తే వెనక్కి తగ్గుతారు. "అది ఫ్యాక్టరీ పని మేడమ్, మన వల్ల కాదు" అంటారు. కుట్టు నేర్పే మనిషిగా ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. నిట్ (లూపుల అల్లికతో తయారై సాగే బట్ట) ర్యాప్ డ్రెస్‌కి జిప్పు లేదు, హుక్కులు లేవు, కాజాలు లేవు. ముందు భాగాలు రెండూ ఒకదాని మీద ఒకటి వేసుకుని నడుం దగ్గర కట్టుకోవడమే. ఇందులో అసలు పనంతా మిషను దగ్గర కూర్చోకముందే, బట్టను తెలుసుకోవడంలో ఉంటుంది.

అపోహ: ఓవర్‌లాక్ మిషను (అంచు కత్తిరిస్తూ దారాలు చుట్టే మిషను) లేకపోతే కుదరదు.

జిగ్‌జాగ్ ఉన్న మామూలు ఇంటి మిషను చాలు. కుట్టు వెడల్పు 0.5 నుంచి 1, పొడవు 2.5 పెట్టండి. చూడ్డానికి తిన్నటి కుట్టులాగే ఉంటుంది, బట్టతో పాటు సాగుతుంది. నేసిన బట్టలాగా నిట్ అంచుల నుంచి దారాలు ఊడిరావు కాబట్టి, ఓవర్‌లాక్ ఇక్కడ ప్రధానంగా ఫినిషింగ్ కోసమే. ఇంట్లో తిన్నటి కుట్టు మాత్రమే వేసే నల్ల మిషను ఉన్నా ఆగిపోనక్కర్లేదు. పాలిస్టర్ దారం వేసి, పాదానికి ముందూ వెనకా బట్టను కాస్త సాగదీసి పట్టుకుని కుట్టండి. పక్క కుట్లు నిలువుగా వెళ్తాయి, ఈ బట్ట ఎక్కువగా సాగేది అడ్డంగా. అందుకని వాటి మీద పెద్దగా లాగుడు పడదు. ముందు ఒక ముక్క మీద కుట్టి గట్టిగా లాగి చూడండి. దారం పుటుక్కుమంటే కుట్టు సెట్టింగ్ మార్చాలి.

అపోహ: కుట్లు వదిలేస్తోందంటే మిషను పాడైనట్టే.

మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు సూది మార్చండి. మామూలు సూది మొన వాడిగా ఉంటుంది. నిట్ అంటే లూపుల అల్లిక కదా, ఆ మొన లూపుల్లోంచే పొడుచుకుని వెళ్లి నూలును తెంపుతుంది. అప్పటికప్పుడు ఏమీ కనబడదు. రెండు ఉతుకుల తర్వాత కుట్టు వెంబడి చిన్న చిన్న చిల్లులు బయటపడతాయి. బాల్ పాయింట్ సూది మొన గుండ్రంగా ఉండి లూపుల మధ్య సందులోంచి దిగుతుంది. జెర్సీ (టీషర్టు బట్ట లాంటి నిట్) పల్చగా ఉంటే 75 నంబరు, మందంగా ఉంటే 90. లైక్రా (రబ్బరులా సాగే నూలు) ఎక్కువున్న బట్టకు స్ట్రెచ్ సూది అని విడిగా దొరుకుతుంది, కుట్లు వదలడం దానితో బాగా తగ్గుతుంది.

అపోహ: సాగే బట్టే కదా, ఏదైనా ఒకటే.

ఇక్కడే ఎక్కువ డ్రెస్సులు చెడిపోతాయి. అంచు దగ్గర కాకుండా బట్ట మధ్యలో అడ్డంగా 10 సెంటీమీటర్లు పట్టుకుని, బలవంతం చేయకుండా స్కేలు మీద సాగదీయండి. 13 దాకా వచ్చిందంటే 30 శాతం సాగుదల. ప్యాటర్న్ (ముక్కలు కత్తిరించడానికి కొనే కాగితం నమూనా) ఎంత సాగుదల అడుగుతోందో దాని కవరు మీద ఉంటుంది, దానికి తగ్గ బట్టే తీసుకోవాలి. వదిలేశాక మళ్లీ 10కి వస్తోందా లేదా అన్నది ఇంకా ముఖ్యం. రాకపోతే మోచేతుల దగ్గర, నడుం దగ్గర సంచిలా వదులైపోతుంది.

ర్యాప్ డ్రెస్‌కి నాకు నచ్చేది విస్కోస్ లైక్రా, ఒంటి మీద చక్కగా జారుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం ఇంటర్‌లాక్ (రెండు వైపులా ఒకేలా కనిపించే నిట్) ఇస్తాను, అంచులు చుట్టుకుపోవు. హోజరీ బట్టను, అంటే నిట్‌ను, తమిళనాడులోని తిరుప్పూరు లాంటి చోట్ల కిలోల లెక్కన అమ్ముతారు కాబట్టి ఈ లెక్క తెలిసి ఉండాలి: మీటరున్నర పన్నాలో 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) బట్ట మీటరుకు 300 గ్రాములు తూగుతుంది, అంటే కిలోకి మూడు మీటర్ల పైన. మోకాలి పొడవు డ్రెస్‌కి చాలా ప్యాటర్న్‌లలో ఆ కిలో సరిపోతుంది.

అపోహ: షాపులో నాది ఎమ్, కాబట్టి ప్యాటర్న్‌లోనూ ఎమ్.

రెడీమేడ్ సైజుకీ ప్యాటర్న్ సైజుకీ సంబంధం లేదు. టేపు పెట్టి కొలిచి పట్టికలో చూసుకోండి. మనకు బ్లౌజు అలవాటు బలంగా ఉంటుంది: లూజు కలపడం, రేపు విప్పుకోవచ్చని పక్కల్లో బట్ట వదలడం. నిట్‌లో రెండూ వద్దు. కావలసిన లూజు ప్యాటర్న్‌లోనే కలిపి ఉంటుంది. కుట్టు మార్జిన్ కలిపి ఉందో లేదో మాత్రం సూచనల్లో చదవండి. పీడీఎఫ్ ప్యాటర్న్ అయితే నూరు శాతం స్కేలులో ప్రింటు తీసి, స్కేలు సరిచూసుకోవడానికి అందులో ఇచ్చే టెస్ట్ చతురస్రాన్ని మొదట కొలవండి. "ఫిట్ టు పేజ్" పెట్టారో, డ్రెస్ అంతా చిన్నదైపోతుంది.

అపోహ: ముందు కుట్టేద్దాం, ఉతకడం తర్వాత.

కాటన్ నిట్ పొడవులో బాగా కుదించుకుంటుంది. కత్తిరించక ముందే ఉతకండి, తీగ మీద వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టండి. కత్తిరించేటప్పుడు బట్ట టేబులు అంచు నుంచి కిందికి వేలాడకూడదు, ఆ బరువుకే సాగిపోయి ముక్కలు కురచవుతాయి. ఒక పొర మీద కత్తిరిస్తుంటే ముందు భాగం కాగితాన్ని రెండోసారి తిరగేసి పెట్టాలి. లేకపోతే రెండూ కుడివైపు ముక్కలే వస్తాయి!

అపోహ: ర్యాప్ మెడ ఎలాగూ విచ్చుకుంటుంది, పిన్ను పెట్టుకోవాల్సిందే.

ఈ మాట నేను అస్సలు ఒప్పుకోను. ఆ మెడ అంచు ఏటవాలుగా కత్తిరించి ఉంటుంది, పైగా నిట్. ముట్టుకుంటే సాగుతుంది. కుట్టేటప్పుడు రెండు సెంటీమీటర్లు సాగినా చాలు, వేసుకున్నాక అది ఛాతీ దగ్గర వదులుగా నిలబడుతుంది. అందుకే కొలత బట్ట మీద తీయకండి, కాగితం మీద తీయండి. ప్యాటర్న్ కాగితం మీద మెడ గీత పొడవెంతో అంతే పొడవు ట్రాన్స్‌పరెంట్ ఎలాస్టిక్ కత్తిరించి, లోపలి వైపు అంచుకు పిన్నులు పెట్టండి. బట్ట మిగిలినట్టు కనిపిస్తే దాన్ని ఎలాస్టిక్‌లోకి సర్దుతూ కుట్టండి, ఎలాస్టిక్‌ను లాగొద్దు. ఛాతీ నిండుగా ఉన్నవాళ్లకు ఇదొక్కటే చాలదు. ముందు భాగానికి పొడవూ వెడల్పూ కాగితం మీదే కలపాలి.

భుజం కుట్టులో సాగని సన్నటి గుడ్డ టేపు వేస్తే భుజాలు జారవు. నడుం కుట్టులో ఎలాస్టిక్ వేస్తే స్కర్టు బరువుకి నడుం కిందికి దిగదు. ఇవి కొన్ని ప్యాటర్న్‌లలో రాయరు, అయినా వేయండి.

అపోహ: ఇది సన్నగా ఉన్నవాళ్లకే.

ఫ్యాషన్ డిజైనర్ డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ 1974లో జెర్సీ ర్యాప్ డ్రెస్ తెచ్చినప్పుడు అది అంతగా అమ్ముడుపోవడానికి ఒక కారణం, ఎవరి నడుముకి తగ్గట్టు వాళ్లు కట్టుకోగలగడమే. పాలిచ్చే తల్లులకు ఇంతకన్నా వీలైన డ్రెస్ తక్కువ. బరువు కాస్త పెరిగినా, తగ్గినా విప్పి కుట్టే పని లేదు.

ఇక కింది మడత. డ్రెస్‌ను ఒక రాత్రంతా హ్యాంగరుకు వేలాడదీసి, మర్నాడు వేసుకుని, నేల నుంచి స్కేలుతో కొలిచి అంచు సమం చేయండి. జంట సూది ఉంటే బయటికి రెండు వరసల కుట్టు వస్తుంది, లోపల బాబిన్ దారం జిగ్‌జాగ్‌గా సాగుతుంది. ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టెను లాగకుండా ఎత్తి ఎత్తి పెట్టండి, లాగితే అంచు అలలుగా లేస్తుంది.